పైన ఎంత?



2021 అక్టోబరు 7న మహీంద్రా కంపెనీ ఎక్స్‌యూవీ 700 బుకింగులు తెరిచింది. 57 నిమిషాల్లో పాతిక వేల బండ్లు బుక్కయ్యాయి. ఆ తర్వాత పై రకాలు కావాలన్నవాళ్లను ఏడాది పైన ఆగమన్నారు. ఆగలేనివాళ్లు ఏం చేస్తారు? ముందే బండి చేతికొచ్చినవాడి దగ్గరికి వెళ్తారు. అతను నాలుగైదు వేల కిలోమీటర్లు తిప్పిన బండికి షోరూం ధర చెప్పి, దాని మీద ఇంకొంత వేసి అడుగుతాడు. అలా అడిగినవాళ్లున్నారు, ఇచ్చినవాళ్లూ ఉన్నారు. షోరూం గేటు దాటగానే కారు ధర పడిపోతుందని మనందరికీ తెలిసిన లెక్క అప్పుడు తిరగబడింది.

కారణం మన దగ్గర పుట్టింది కాదు. కరోనా తొలి నెలల్లో కార్ల కంపెనీలు చిప్పుల ఆర్డర్లు తగ్గించుకున్నాయి. ఇళ్లలో కూర్చున్న జనం ల్యాప్‌టాప్‌లూ ఫోన్లూ ఎగబడి కొన్నారు కాబట్టి చిప్పుల ఫ్యాక్టరీలు అటు మళ్లాయి. తీరా కార్లకు గిరాకీ తిరిగొచ్చేసరికి చిప్పుల్లేవు. దానికి తోడు 2021 మార్చిలో జపాన్‌లోని రెనెసాస్ కంపెనీ నాకా ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. ఆ ఏడు సెప్టెంబరులో తన హర్యానా, గుజరాత్ ఫ్యాక్టరీల ఉత్పత్తి మామూలు రోజుల్లో ఉండేదానిలో 40 శాతం దగ్గరే ఆగవచ్చని మారుతి కంపెనీ ముందే చెప్పేసింది. అమెరికాలో ఇంకా విడ్డూరం. 2021 జూన్ నాటికి అక్కడి ప్రభుత్వ ధరల సూచీలో పాత కార్ల ధర ఏడాది తిరిగేలోపు 45 శాతం పెరిగింది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లల్లో అప్పటికి కారు లీజు ముగుస్తున్నవాళ్లకు అదృష్టం కలిసొచ్చింది. గడువు ముగిశాక ఎంతకు కొనుక్కోవచ్చో మూడేళ్ల కిందటే ఒప్పందంలో రాసి ఉంటుంది. ఆ పాత ధరకు కొనుక్కుంటే, బజారు ధర దానికంటే వేల డాలర్లు పైన ఉంది.

మన దగ్గర ఇంకో రెండు ముడులు పడ్డాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 నిబంధన రావడంతో మారుతి డీజిల్ కార్లు చేయడం మానేసింది. అంతే, వాడిన డీజిల్ ఎర్టిగాకు కొత్త గౌరవం వచ్చింది. 2022 ఆగస్టులో టొయోటా డీజిల్ ఇన్నోవా క్రిస్టా బుకింగులు ఆపింది. మళ్లీ తెరిచింది 2023 జనవరిలో. ఆ మధ్య కాలంలో క్రిస్టా ఉన్నవాడిని బంధువులు పలకరించే తీరే మారిపోయింది. ఏడుగురు కూర్చునే బండి మన ఇళ్లలో ఎందుకంత ముఖ్యమో మీకు చెప్పక్కర్లేదు. నాన్నమ్మ, ఇద్దరు పిల్లలు, ఒక చుట్టం, ఆపైన పులిహోర డబ్బాలు. తిరుపతి ప్రయాణమంటే అయిదు సీట్లు ఎక్కడ చాలుతాయి?

పెద్దవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. లైసెన్సుల కాలంలో బజాజ్ చేతక్ స్కూటరు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. విదేశీ మారకంలో డబ్బు కడితే వరస దాటి ఇచ్చేవారు కూడా. ఫియట్టూ అంతే. 1983 డిసెంబరులో 47,500 రూపాయల ధరతో మారుతి 800 వచ్చినప్పుడు, లక్షకు పైగా జనం ముందే డబ్బు కట్టి వరసలో నిలబడ్డారు. కారు ఇంటికి రాకముందే అలాట్‌మెంట్ కాగితం మీద ప్రీమియం పలికింది. సరుకు తక్కువై గిరాకీ ఎక్కువైతే వాడిన వస్తువు కొత్తదాన్ని మించిపోతుంది. అప్పుడు కొరత ప్రభుత్వ కోటాది, 2021లో చిప్పుది. కొనేవాడి అవస్థ మాత్రం ఒక్కటే.

ధరలు ఇలా పొంగినప్పుడు కారు మార్చాలా వద్దా అని చాలామంది అడుగుతుంటారు. అడిగే తీరులోనే చిక్కుంది. "ఎర్టిగా తొమ్మిది లక్షలట, అమ్మో!" అంటారు. తమ ఇంట్లో ఉన్న వ్యాగన్ ఆర్ కూడా అదే గాలికి పైకి లేచిందన్న సంగతి మర్చిపోతారు. ఉన్నది ఇచ్చి ఇంకొకటి తెచ్చుకునేవాడికి ధరతో పని లేదు, తేడాతోనే పని. బజారులో బేరగాళ్లకు ఇది బాగా తెలుసు. వాళ్లు ఎప్పుడూ ధర అడగరు. "పైన ఎంత?" అని అడుగుతారు.

చిన్న లెక్క చెబుతాను, కాగితం అక్కర్లేదు. మీ చిన్న కారు 4 లక్షలు, మీరు కోరే పెద్ద కారు 9 లక్షలు అనుకుందాం. పైన ఇవ్వాల్సింది 5 లక్షలు. బజారు మొత్తం 20 శాతం పెరిగింది. చిన్నది 4 లక్షల 80 వేలయింది, పెద్దది 10 లక్షల 80 వేలయింది. పైన ఇవ్వాల్సింది 6 లక్షలు. పెద్ద కారు ధర 1 లక్షా 80 వేలు పెరిగిందని గుండెలు బాదుకున్నారు గానీ, మీ జేబుకు తగిలిన దెబ్బ లక్షే. ఇప్పుడు దీన్నే తిప్పి చూడండి. పిల్లలు చదువులకు వెళ్లిపోయారు, ఇంట్లో మిగిలింది ఇద్దరే, పెద్ద బండి ఇచ్చి చిన్నది తెచ్చుకుందామనుకునే దంపతులకు అదే లక్ష లాభం. ధరలు పొంగినప్పుడు పెద్దదాన్నుంచి చిన్నదానికి దిగడం మంచి అదను. ఒకే స్థాయి బండ్లు మార్చుకునేవాళ్లకు ఈ పెరుగుదల లాభమూ కాదు, నష్టమూ కాదు. ఇంట్లో రెండు కార్లుండి ఒకటి దుమ్ము పట్టి ఉంటే, దాన్ని అమ్మడానికి అంతకంటే మంచి రోజులుండవు. ఉన్న ఒక్క కారునీ అమ్మేసి, ధరలు దిగాక కొందామని ఆటోల్లో తిరిగిన కుటుంబాలూ ఉన్నాయి. ధరలు ఎప్పుడు దిగుతాయో ఎవరికీ తెలియదు కాబట్టి ఆ పని నేను ఎవరికీ చెప్పను.

ఎక్స్‌చేంజి అనగానే షోరూంకే వెళ్లే అలవాటు మనది. అక్కడ ఒక కిటుకు జరుగుతుంది. మీ పాత బండికి బయట 4 లక్షలు చెబితే షోరూంలో 4 లక్షల 20 వేలు అంటారు. మనసు పొంగుతుంది. అదే షోరూం కొత్త కారు మీద ఇవ్వాల్సిన తగ్గింపును చప్పుడు చేయకుండా తీసేస్తుంది, లేదా వాళ్ల దగ్గరే ఇన్సూరెన్సు చేయించమంటుంది, లేదా అడగని సీటు కవర్లూ ఫ్లోర్ మ్యాట్లూ బిల్లులో చేరుస్తుంది. కాబట్టి పాత బండికి ఎంత ఇస్తారని విడిగా అడగవద్దు. రిజిస్ట్రేషను, ట్యాక్సు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి, నా పాత బండి తాళాలు మీకిస్తే నేను పైన కట్టాల్సింది ఎంత అని ఒక్క అంకె అడగండి. మూడు షోరూముల్లో అదే ప్రశ్న వేసి, ఆ మూడు అంకెలనే పోల్చుకోండి. బండి రావడానికి ఎనిమిది నెలలు పట్టే రోజుల్లో ఇంకో మెలిక ఉంది. బుకింగు నాడు మీ పాత కారుకు చెప్పిన ధర డెలివరీ నాటికి నిలవదు. ఈలోగా అది ఇంకాస్త పాతదైపోతుంది, మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఆ రోజు మళ్లీ చూసి మళ్లీ కడతారు.

షోరూమూ బేరగాడూ లేకుండా రెండు కుటుంబాలు నేరుగా మార్చుకుంటే? మన ఊళ్లలో ఇది కొత్త కాదు, చుట్టాల మధ్య తరచూ జరిగేదే. జరిగే తీరే తమాషాగా ఉంటుంది. వియ్యంకులిద్దరు వరండాలో కూర్చుంటారు. ఒకాయనకు ఎర్టిగా ఉంది, ఆయనకు అంత బండి అక్కర్లేదు. ఇంకొకాయనకు వ్యాగన్ ఆర్ ఉంది, కోడలు మనవణ్ని తీసుకుని వచ్చినప్పుడల్లా చాలడం లేదు.

"బావగారూ, పైన ఎంతిమ్మంటారో మీరే చెప్పండి."

"భలేవారే, మీ దగ్గర నేను లెక్కలు చూస్తానా? మీకెంత తోస్తే అంత."

"అలా కాదు బావగారూ, మీ నోటితో అనండి."

"అనేదేముంది. పిల్లలు హాయిగా తిరిగితే అదే పదివేలు."

కాఫీలు అయిపోతాయి. అంకె మాత్రం బయటికి రాదు. చివరికి ఎవరో ఒకరు మొహమాటానికి ఏదో అంటారు, రెండోవారు మొహమాటానికి సరే అంటారు, ఇళ్లకు వెళ్లాక ఇద్దరి ఇళ్లలోనూ ఆడవాళ్లు కడిగేస్తారు. ఏసీ సరిగ్గా పనిచేయలేదని తర్వాత తెలిస్తే అది బండి తప్పు కాదు, సంబంధం తప్పు అవుతుంది.

దీనికి ఒక మందుంది. రెండు బండ్లనూ ఒకే రోజు, పాత కార్లు కొనే ఒకే దుకాణానికి తీసుకెళ్లండి. ఏ బండిని ఎంతకు కొంటారు, అలాంటి బండినే ఎంతకు అమ్ముతారు, రెండూ అడగండి. మాటవరసకు అంకెలు చెబుతున్నాను. వ్యాగన్ ఆర్‌ను 3 లక్షల 80 వేలకు కొని 4 లక్షల 30 వేలకు అమ్ముతారు. ఎర్టిగాను 8 లక్షలకు కొని 8 లక్షల 80 వేలకు అమ్ముతారు. వ్యాగన్ ఆర్ ఆయన ఈ దుకాణం ద్వారానే మారితే, తనది 3 లక్షల 80 వేలకు ఇచ్చి ఎర్టిగాను 8 లక్షల 80 వేలకు తెచ్చుకోవాలి. చేతి నుంచి 5 లక్షలు. ఎర్టిగా ఆయన తనది 8 లక్షలకు ఇచ్చి చిన్నది 4 లక్షల 30 వేలకు తెచ్చుకుంటాడు. చేతికి 3 లక్షల 70 వేలు. ఒకాయన ఇచ్చింది 5 లక్షలు, ఇంకొకాయనకు అందింది 3 లక్షల 70 వేలు. మధ్యలో 1 లక్షా 30 వేలు దుకాణానివి. నేరుగా మార్చుకుంటే ఆ సొమ్ము మీ ఇద్దరిది. సగం సగం పంచుకుంటే పైన ఇవ్వాల్సింది 4 లక్షల 35 వేలు. ఇద్దరికీ చెరో 65 వేలు మిగులుతాయి. ఆ అంకె దుకాణం వాడి ధరల నుంచి వచ్చింది కాబట్టి ఏ వియ్యంకుడూ నోరు తెరవక్కర్లేదు. దుకాణం వాడు ఊరికే ఎందుకు చెబుతాడంటారా? అమ్మడానికి వచ్చామంటే చెబుతాడు. కొనడానికి కూడా వచ్చామంటే అమ్మే ధరా చెబుతాడు.

దుకాణం లాభం తీసుకోవడం తప్పని నా ఉద్దేశం కాదు. బాగు చేయించడం, కాగితాలు, అమ్మిన ఆర్నెల్లకు వచ్చి గొడవపడే మనుషులు, ఇవన్నీ అతని నెత్తి మీదే. చుట్టాలతో మార్చుకునేటప్పుడు ఆ పనులన్నీ మనమే చేసుకోవాలి. ఆ కష్టానికి వచ్చిన కూలీ ఈ 65 వేలు.

ఒక వియ్యంకుడు హైదరాబాదులో, ఇంకొకరు విజయవాడలో ఉంటే మాత్రం లెక్క మారుతుంది. 2014 జూన్ 2కు ముందు ఇది ఒకే రాష్ట్రం, ఒకే ట్యాక్సు. ఇప్పుడు బండి అటు నుంచి ఇటు పేరు మారాలంటే, ముందు పాత ఆర్‌టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ తేవాలి. ఆపైన కొత్త రాష్ట్రంలో బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్సు మళ్లీ కట్టాలి. మార్చుకునేది రెండు బండ్లు కాబట్టి ఇది రెండుసార్లు. పాత రాష్ట్రం నుంచి మిగిలిన ట్యాక్సు వాపసు అడగవచ్చు గానీ దానికి విడిగా తిరగాలి. మిగిలిందనుకున్న డబ్బు కాస్తా అందులోనే కరిగిపోవచ్చు. చేతులు కలిపే ముందే ఆ ట్యాక్సు ఎంతో కనుక్కోండి. టీజీ నంబరు బండి విజయవాడలో కారుచౌకగా వస్తోందంటే, ఆ చౌకలో సగం ఈ ట్యాక్సే. ఢిల్లీ నుంచి వచ్చే డీజిల్ బండ్ల సంగతీ అలాంటిదే. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద 2015లో ఆంక్షలు వచ్చాయి, 2018లో సుప్రీంకోర్టు కూడా వాటిని సమర్థించింది. అందుకని అక్కడ విలువ పోయిన బండ్లు దక్షిణానికి దిగుతుంటాయి. బండి బాగానే ఉండొచ్చు. ఎన్ఓసీ చేతికి రానిదే అడ్వాన్సు ఇవ్వకండి.

ఇక బండిని చూడడం. ధరలు పొంగిన రోజుల్లో అమ్మేవాడు తొందరపెడతాడు. "అన్నా, సాయంత్రం ఇంకో పార్టీ వస్తోంది" అంటాడు. సింగిల్ ఓనర్, డాక్టరుగారి బండి, షోరూం కండిషన్, ఈ మూడు మాటలూ ఏ బండికైనా వాడతారు. ఊళ్లో ఉన్న డాక్టర్ల కంటే డాక్టరు బండ్లే ఎక్కువ. వాటిని పక్కనబెట్టి మీకు నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి, అతని పూటకూలీ దగ్గర పిసినారితనం చూపకండి. మంచి మెకానిక్ ముందు ఇంజను చూడడు. టైరు దగ్గర గొంతుకూర్చుంటాడు. టైరు పక్క గోడ మీద చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. 1422 అని ఉంటే అది 2022లో 14వ వారంలో తయారైన టైరు. బండి 2019ది, మీటరు మీద 28 వేలు. మరి నాలుగు టైర్లూ 2022లో ఎందుకు మార్చారు? మామూలుగా వాడే కారు టైర్లు 40 వేల కిలోమీటర్ల దాకా లాగుతాయి కదా. సమాధానం ఉండొచ్చు, అడగాలి. బ్రేకు పెడలు మీద రబ్బరు గీతలు పూర్తిగా అరిగిపోయి ఉంటే, స్టీరింగు మీద చేయి పడేచోట నున్నగా మెరుస్తుంటే, 28 వేలన్న మీటరు అబద్ధమాడుతున్నట్టే. మీటరు వెనక్కి తిప్పడం ఈ రోజుల్లో అరగంట పని. కంపెనీ సర్వీసు సెంటర్లో నంబరు చెప్పి పాత జాబ్ కార్డులు అడిగితే, ఏ సర్వీసుకు ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయో బయటపడుతుంది. వాటిని తెప్పించే పని యజమాని మీదే పెట్టండి. నిజాయితీగలవాడు అభ్యంతరం చెప్పడు.

నీటిలో మునిగిన బండి ఇంకా ప్రమాదం. 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఆ కార్లన్నీ ఏమయ్యాయి? మరమ్మతు ఖర్చు, బండికి ఇన్సూరెన్సువాళ్లు కట్టిన విలువలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ కింద లెక్కగట్టి యజమానికి డబ్బిచ్చేస్తారు. బండి స్క్రాపు కొనేవాళ్లకు పోతుంది. అలా పోయినవాటిలో కొన్ని ఉతికి, ఆరబెట్టి, సెంటు కొట్టి, ఇంకో ఊళ్లో ఇంకో పేరుతో బజారుకొస్తాయి. బజారు మంచి వేడి మీదుంటే ఇంకా త్వరగా వస్తాయి. వాసన చూసి తేల్చలేరు. డ్రైవరు సీటు బెల్టును చివరంటా లాగండి, లోపల ఎప్పుడూ చుట్టుకునే ఉండే ఆఖరి మూర దాకా. దాని మీద మట్టి గీత ఉంటే ఆ ఎత్తుదాకా నీళ్లు వచ్చాయన్నమాట. సీట్లు తళతళలాడేలా కడిగేవాళ్లు బెల్టు లోపలి కొసను మర్చిపోతుంటారు. తర్వాత డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట అడుగు చూడండి, వేలు పెట్టి తుడవండి. సీట్ల కింద రైలును బిగించిన బోల్టుల మీద తుప్పు, కార్పెట్టు కింద వైర్ల కనెక్టర్లలో పచ్చని పొడి కనిపిస్తే, ధర ఎంత తగ్గించినా ఆ బండి వద్దు. ఈరోజు స్టార్టవుతుంది. ఏ నడివానలోనో, ఏ ఘాట్ రోడ్డు మీదో దాని లోపలి డబ్బాలు ఒక్కొక్కటీ చేతులెత్తేస్తాయి.

బజారు పొంగినప్పుడు ఎవరూ గుర్తుచేయని ఇంకో విషయం ఇన్సూరెన్సుది. పాలసీలో ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. బండి పోయినా, పూర్తిగా పాడైనా కంపెనీ ఇచ్చేది అంతే. దాన్ని కారు తయారుచేసిన కంపెనీ అమ్మకపు ధర మీద వయసు తరుగు తీసి కడతారు: రెండేళ్లు దాటి మూడేళ్లలోపు బండికి 30 శాతం, నాలుగు దాటి అయిదేళ్లలోపుదానికి 50 శాతం. బజారు పొంగిన సంగతి ఆ పట్టికకు తెలియదు. మీరు 7 లక్షలు పోసిన బండికి ఐడీవీ 5 లక్షల 40 వేలు ఉందనుకోండి, అది దొంగల పాలైతే 1 లక్షా 60 వేలకు నీళ్లొదులుకోవాల్సిందే. బ్యాంకూ అంతే. తన మనిషి కట్టిన విలువ మీదే అప్పిస్తుంది, మీరు ఒప్పుకున్న ధర మీద కాదు. పైగా పాత కారు అప్పుకు వడ్డీ కొత్త కారు కంటే ఎక్కువ. పొంగిన ధరలో ఆ పొంగు భాగమంతా మీ సొంత డబ్బే, దానికి ఏ రక్షణా లేదు.

నో క్లెయిం బోనస్ బండిది కాదు, మనిషిది. అయిదేళ్లు క్లెయిం లేకుండా నడిపినవాడికి సొంత డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం తగ్గింపు ఉంటుంది. మార్చుకునేటప్పుడు ఇద్దరూ ఎవరి బోనస్‌కు వాళ్లు కంపెనీ నుంచి సర్టిఫికెట్ తీసుకుంటే, కొత్తగా వచ్చిన బండి పాలసీకి దాన్ని వాడుకోవచ్చు. వేలల్లో మిగిలే ఈ చిన్న కాగితం చుట్టాల బేరాల్లో గాలికి పోతుంటుంది. పాలసీని 14 రోజుల్లో తమ పేరుకు మార్చుకోవాలి. అది చేయకపోతే, ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి పాలసీ పనిచేస్తుంది గానీ, మీ బండికి దెబ్బ తగిలితే కంపెనీ చేతులు దులుపుకుంటుంది.

ఆర్‌సీ పేరు మార్పు విషయంలో మాత్రం కొంచెం గట్టిగా చెబుతాను. మన దగ్గర చాలామంది ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి, తేదీ వేయకుండా చేతికిచ్చేసి, ఇక మనకు సంబంధం లేదనుకుంటారు. తీసుకున్నవాడు వాటిని బీరువాలో దాచి, ఏడాదికి ఇంకొకడికి అమ్ముతాడు. మధ్యలో ముగ్గురు చేతులు మారినా ఆర్‌సీలో మీ పేరే. 2018లో సుప్రీంకోర్టు ముందుకు అచ్చం అలాంటి కేసే వచ్చింది. బండి వరసగా చేతులు మారింది, పేరు మారలేదు, ఆ తర్వాత ప్రమాదం జరిగింది. రిజిస్టరులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని, పరిహారం బాధ్యత వాళ్లదేనని కోర్టు తేల్చింది. ఎప్పుడో అమ్మేశానన్న మాట నిలవలేదు. చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్‌టీఓకు తెలపాలి. 2023 ఏప్రిల్ నుంచి పాత కార్ల డీలర్లకు అధికారపత్రం పద్ధతి వచ్చింది. అలాంటి డీలరుకు బండి ఇచ్చి, ఆ సంగతి ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే అక్కడినుంచి బాధ్యత అతనిది. అధికారపత్రం లేని దుకాణానికి సంతకాల ఖాళీ ఫారాలు ఇచ్చి రావడమంటే మీ పేరును వాళ్ల దగ్గర కుదువ పెట్టి రావడమే. వియ్యంకుడైనా సరే, ఇద్దరూ కలిసి స్లాటు తీసుకుని, పెండింగు చలాన్లు కట్టేసి, అప్పు తీరిన బండి అయితే ఫారం 35 పెట్టి బ్యాంకు పేరు తీయించి, ఆ తర్వాతే పైన ఇవ్వాల్సిన సొమ్ములో ఆఖరి వాయిదా ఇచ్చుకోండి. సంతకాలు సరిపోలేదంటూ ఫారాలు వెనక్కొచ్చినా ఆ వాయిదా ఇంకా మీ దగ్గరే ఉంటుంది కదా.

జీఎస్టీ గురించి 2024 డిసెంబరులో పెద్ద గందరగోళం రేగింది. పాత కార్ల మీద 18 శాతం అనగానే, 5 లక్షల కారుకు 90 వేలు ట్యాక్సు అనుకుని జనం హడలిపోయారు. అది డీలరు లాభం మీద మాత్రమే, మొత్తం ధర మీద కాదు. ఇల్లూ ఇల్లూ మధ్య అమ్మకానికీ మార్పిడికీ అసలు లేదు. నిజంగా బజారును కుదిపింది 2025 సెప్టెంబరు 22. ఆ రోజు నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం, పైన సెస్సు పోయి 18 శాతం అయింది. పెద్దవాటికి సెస్సుతో కలిపి 45 నుంచి 50 శాతం దాకా ఉన్నది 40కి వచ్చింది. ఆల్టో కె10 ఆరంభ ధర 3 లక్షల 70 వేల లోపుకు దిగింది. కొత్తది దిగితే పాతది ఎలా నిలుస్తుంది? అంతకు నెల ముందు మంచి ధర పెట్టి మూడేళ్ల బండి కొన్నవాడికి ఆ రోజు చేదుగా గడిచింది. అతను కొన్న వారంలోనే వియ్యంకుడితో మార్చుకున్నవాడికి మాత్రం పెద్దగా తేడా పడలేదు. తన బండి ఎంత దిగిందో, వచ్చిన బండీ కొంచెం అటూ ఇటుగా అంతే దిగింది.

చివరగా ఒక చిన్న పని. కాగితాలన్నీ పూర్తి చేసుకుని, తాళాలు మార్చుకుని, కొత్త బండికి కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి బయల్దేరే ముందు, మీరిచ్చిన పాత బండి ముందు అద్దం మీద ఉన్న ఫాస్టాగ్‌ను గోకి తీసేయండి. ఖాతా కూడా మూయించండి. లేకపోతే మీ బావగారు హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్తూ పంతంగి టోలు దాటగానే మీ ఫోనుకు మెసేజి వస్తుంది, కొర్లపహాడ్ దగ్గర ఇంకొకటి, చిల్లకల్లు దగ్గర మూడోది. డబ్బు మీ ఖాతాలోంచే పోతుంది. ఫోను చేసి అడగడానికి మీకు మొహమాటం, ఆయన తిరిగి ఇస్తానంటే మీరే "అయ్యో, ఎంత మాట" అంటారు.